లినక్స్‌లో ఆర్చర్ టీ3యూ ప్లస్: డబ్బా మీద రాయని సంగతులు

టీపీ-లింక్ ఆర్చర్ టీ3యూ ప్లస్ ఒక యాంటెన్నా ఉన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్. వైఫై లేని డెస్క్‌టాప్‌కో, లోపలి కార్డు పోయిన పాత ల్యాప్‌టాప్‌కో తగిలించుకోవడానికి కొంటారు. విండోస్‌లో దీని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. లినక్స్‌లో మాత్రం ఇదే వస్తువుకి ఒకరు ఐదు నక్షత్రాలిస్తే ఇంకొకరు ఒకటే ఇస్తారు, ఇద్దరి మాటా నిజమే. తేడా అంతా వాళ్ల సిస్టంలో ఉన్న కెర్నెల్ వెర్షన్‌ది. కెర్నెల్ అంటే హార్డ్‌వేర్‌ని నడిపించే లినక్స్ గుండెకాయ, డ్రైవర్లు చాలావరకు అందులోనే ఉంటాయి.

అందుకే తీర్పు ముందే చెప్పేస్తే మంచిది. కెర్నెల్ 6.12 గానీ ఆపైది గానీ ఉంటే నిశ్చింతగా కొనండి, గుచ్చగానే పనిచేస్తుంది. 6.2 నుంచి 6.11 లోపు ఉంటే పనిచేస్తుంది గానీ యూఎస్‌బీ 2 వేగం దాటదు. 6.2 కంటే పాతదై, దాన్ని మార్చే ఉద్దేశం మీకు లేకపోతే ఇది మీకు తలనొప్పే. టెర్మినల్ తెరిచి యూనేమ్ -ఆర్ (uname -r) అని కొడితే మీ కెర్నెల్ ఏదో ఒక్క లైన్లో వస్తుంది. ఆర్డర్ పెట్టేముందు చెయ్యాల్సిన పని ఇదొక్కటే.

దీని లోపల ఉన్నది రియల్‌టెక్ 8822బీయూ కుటుంబం చిప్. డబ్బా మీద ఏసీ1300 అని కనిపిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో 400, 5 గిగాహెర్ట్జ్‌లో 867 మెగాబిట్లు కలిపి, పైకి సర్ది రాసిన అంకె అది. రెండు బ్యాండ్లూ ఒకేసారి వాడే వీల్లేదు కాబట్టి 1300 అనేది ఎవరికీ అందదు. 867 కూడా గాలిలో లింక్ వేగమే. రూటర్ ఉన్న గదిలోనే కూర్చుంటే చేతికొచ్చేది అందులో సగం, కాస్త అటూ ఇటూగా. మధ్యలో ఒక ఇటుక గోడ, ఒక బీరువా వస్తే ఇంకా తగ్గుతుంది. బ్లూటూత్ ఇందులో లేదు. కొందరు ఉందనుకుని కొంటారు.

ఈ చిప్‌కి కెర్నెల్‌లోనే డ్రైవర్ వచ్చింది 6.2లో, అంటే 2023 ఫిబ్రవరిలో. పేరు ఆర్‌టీడబ్ల్యూ88_8822బీయూ. అంతకు ముందు రియల్‌టెక్ వదిలిన సోర్స్‌ని పట్టుకుని ఔత్సాహికులు గిట్‌హబ్‌లో నడిపిన 88ఎక్స్2బీయూ డ్రైవరే దిక్కు. ఇంటర్నెట్‌లో దొరికే పాత గైడ్లలో చాలావరకు దాని గురించే. కొత్త కెర్నెల్ ఉన్నవాళ్లు కూడా ఆ గైడ్లు చూసి అనవసరంగా అది ఎక్కిస్తారు. అప్పుడు ఒకే అడాప్టర్ కోసం రెండు డ్రైవర్లు పోటీపడతాయి. ఒకసారి బూట్‌లో ఇది, ఇంకోసారి అది ఎక్కి, మనిషికి ఏమీ అర్థం కాదు.

ఏ డిస్ట్రోలో, అంటే ఏ రకం లినక్స్‌లో, ఏ కెర్నెల్ ఉందో చూద్దాం. డెబియన్ 12లో 6.1. ఒక్క మెట్టు తేడాతో తప్పిపోయింది. అందుకే డెబియన్ 12 వాడేవాళ్ల ఫిర్యాదులే ఎక్కువగా కనిపిస్తాయి. వాళ్లు బ్యాక్‌పోర్ట్స్ (పాత డెబియన్‌కి కొత్త ప్యాకేజీలు ఇచ్చే చోటు) నుంచి కొత్త కెర్నెల్ వేసుకోవాలి, లేదా 6.12తో వచ్చే డెబియన్ 13కి మారాలి. ఉబుంటు 22.04 మొదట 5.15తో వచ్చింది, డెస్క్‌టాప్‌లో అప్‌డేట్లు ఎప్పటికప్పుడు వేసుకున్నవాళ్లకి 6.8 దాకా చేరింది. 24.04 మొదలే 6.8తో, తర్వాతి హెచ్‌డబ్ల్యూఈ (కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే కొత్త కెర్నెల్) అప్‌డేట్లలో 6.11, 6.14. లినక్స్ మింట్ 21 వరుస మామూలుగా 5.15 మీదే ఉంటుంది. అప్‌డేట్ మేనేజర్‌లో వ్యూ మెనూ కింద ‘లినక్స్ కెర్నెల్స్’ అని ఉంటుంది, అక్కడ కొత్తది ఎంచుకుంటే టెర్మినల్‌తో పనే లేదు. పాత కెర్నెల్ అలాగే ఉండిపోతుంది కాబట్టి, కొత్తదానితో ఏదైనా తేడా వస్తే బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాతదాన్ని ఎంచుకుని వెనక్కి రావచ్చు.

నెట్ కోసం అడాప్టర్ కొంటే, ఆ అడాప్టర్ నడవడానికే కెర్నెల్‌నో డ్రైవర్‌నో దించుకోవాలి, దానికి నెట్ కావాలి. దీనికి పరిష్కారం జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ని డేటా కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి. లినక్స్ దాన్ని మామూలు వైరు కనెక్షన్‌లా గుర్తుపడుతుంది, డ్రైవర్ ఏమీ అక్కర్లేదు. చాలా ఫోన్లలో ఫోన్ వైఫైలో ఉండగానే టెథరింగ్ చెయ్యవచ్చు, కాబట్టి మొబైల్ డేటా ఖర్చవదు. టెథరింగ్ బటన్ బూడిద రంగులోనే ఉండిపోతే కేబుల్ ఛార్జింగ్‌కే పనికొచ్చే రకం, మార్చి చూడండి.

అడాప్టర్ గుచ్చాక మొదట చూడాల్సింది ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb), తగిలించిన యూఎస్‌బీ వస్తువుల జాబితా చూపే కమాండ్. అందులో 2357:0138 అనే ఐడీ కనిపించాలి. 2357 టీపీ-లింక్‌ది, 0138 ఈ మోడల్‌ది. ఆ లైనే లేకపోతే డ్రైవర్ల దాకా వెళ్లకండి. పోర్టు మార్చండి, ఎక్స్‌టెన్షన్ తీసేసి చూడండి, వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడండి. ఐడీ ఉండి వైఫై లేకపోతే ఎల్ఎస్‌యూఎస్‌బీకి -టీ జోడించి కొట్టండి. జాబితా చెట్టు కొమ్మల్లా వస్తుంది. ఆ చెట్టులో ఈ అడాప్టర్ పక్కన డ్రైవర్ పేరు ఉంటుంది. ఆ చోటు ఖాళీగా ఉంటే మీ కెర్నెల్‌కి డ్రైవర్ లేదు. డ్రైవర్ పేరు ఉన్నా వైఫై రాకపోతే కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) చూడండి. ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాం) లోడ్ కాలేదన్న మాట కనిపిస్తే, డెబియన్‌లో ఫర్మ్‌వేర్-రియల్‌టెక్ ప్యాకేజీ వేసుకోవాలి. అది నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ విభాగంలో ఉంటుంది. డెబియన్ 12 కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవాళ్లకి ఆ విభాగం తనంతట తనే వస్తుంది. 11 నుంచి అప్‌గ్రేడ్ అయినవాళ్లు మాత్రం సోర్సెస్ ఫైల్లో చేత్తో రాసుకోవాలి. ఉబుంటు, మింట్‌లలో ఈ గొడవ లేదు.

అదే ఎల్ఎస్‌యూఎస్‌బీ చెట్టులో లైన్ చివర వేగం ఉంటుంది. 5000ఎం అంటే యూఎస్‌బీ 3, 480ఎం అంటే యూఎస్‌బీ 2. ఇక్కడ ఈ చిప్‌కి ఒక విచిత్రమైన అలవాటు ఉంది. యూఎస్‌బీ 3 పోర్టులో గుచ్చినా మొదట యూఎస్‌బీ 2 వస్తువులాగే పరిచయం చేసుకుంటుంది. డ్రైవర్ కొన్ని ఆదేశాలు పంపితే మాయమై, మళ్లీ యూఎస్‌బీ 3గా తిరిగొస్తుంది. డీమెసేజ్‌లో అడాప్టర్ ఒకసారి ఊడి మళ్లీ తగిలినట్టు కనిపిస్తుంది, అది లోపం కాదు. ఆ ఆదేశాలు పంపడం కెర్నెల్ డ్రైవర్ నేర్చుకున్నది 6.12లో. అందుకే 6.8 మీద నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో పెట్టినా 480ఎం దాటదు.

ఇది ఎంత నష్టం? యూఎస్‌బీ 2 ద్వారా ఆచరణలో 300 మెగాబిట్ల దగ్గర గోడ వస్తుంది. మీ ఇంటి ప్లాన్ 100 లేదా 200 మెగాబిట్లయితే తేడా మీకు తెలియనే తెలియదు. దానికోసం కెర్నెల్ మార్చుకోవడం దండగ. ఇంట్లోనే ఎన్‌ఏఎస్ (నెట్‌వర్క్‌కి కలిపిన స్టోరేజ్ పెట్టె) నుంచి పెద్ద ఫైళ్లు లాగేవాళ్లకీ, 300 దాటిన ప్లాన్ ఉన్నవాళ్లకీ మాత్రమే 6.12 లెక్కలోకి వస్తుంది.

యూఎస్‌బీ 3 మోడ్‌కి ఇంకో ముఖం ఉంది. యూఎస్‌బీ 3 సిగ్నల్ నడుస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రేడియో చప్పుడు పుడుతుంది. ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం ప్రచురించింది. పక్క పోర్టులో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కాపీ అవుతున్నంతసేపూ వైఫై కుంటితే, వైర్‌లెస్ మౌస్ కూడా జర్క్ అవుతుంటే కారణం ఇదే, రూటర్‌ని తిట్టి లాభం లేదు. 5 గిగాహెర్ట్జ్‌లో కలిస్తే సమస్య పోతుంది. రూటర్ దూరంగా ఉండి 2.4 తప్పనిసరైతే ఒక మీటరు మంచి యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ పెట్టి అడాప్టర్‌ని క్యాబినెట్‌కి దూరంగా బల్ల మీదికి తెచ్చుకోండి. యాంటెన్నా నిలువుగా ఉండాలి. డెస్క్‌టాప్ వెనక లోహపు పెట్టెకీ గోడకీ మధ్య ఇరికించిన అడాప్టర్ ఎంత మంచిదైనా చెవులు మూసుకున్నట్టే ఉంటుంది. 2.4తోనే సరిపెట్టుకునేవాళ్లకి మరో దారి: ఆర్‌టీడబ్ల్యూ88_యూఎస్‌బీ మాడ్యూల్‌కి (కెర్నెల్‌లో ఎక్కే డ్రైవర్ ముక్కకి) స్విచ్_యూఎస్‌బీ_మోడ్=ఎన్ అనే ఆప్షన్ ఇస్తే యూఎస్‌బీ 2లోనే ఉండిపోతుంది. మోడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో ఒక చిన్న కాన్ఫ్ ఫైల్లో ఆ ఒక్క లైన్ రాస్తే చాలు.

ఇక పాత కెర్నెల్‌తోనే నెట్టుకురావాలనుకునేవాళ్ల సంగతి. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా డ్రైవర్‌ని మళ్లీ తయారుచేసే డీకేఎంఎస్, కంపైలర్ ఉన్న బిల్డ్-ఎసెన్షియల్, డ్రైవర్ కట్టడానికి కావాల్సిన ఫైళ్లున్న, మీ కెర్నెల్‌కి సరిపోయే లినక్స్-హెడర్స్, ఈ మూడూ ఉంటేనే 88ఎక్స్2బీయూ కంపైల్ అవుతుంది. ఎక్కువగా తప్పేది హెడర్స్ దగ్గర. ఒక్క వెర్షన్‌కి హెడర్స్ వేసుకుని ఊరుకుంటారు. రెండు వారాల తర్వాత అప్‌డేట్‌లో కొత్త కెర్నెల్ వస్తుంది, దాని హెడర్స్ రావు, మాడ్యూల్ తయారవదు, రీబూట్ చేస్తే వైఫై ఉండదు. ఉబుంటులో లినక్స్-హెడర్స్-జెనరిక్, హెచ్‌డబ్ల్యూఈ వాడేవాళ్లయితే దాని జోడీ మెటా ప్యాకేజీ వేసుకుంటే ప్రతి కెర్నెల్‌తో పాటు హెడర్స్ కూడా వస్తాయి.

రెండో గండం సెక్యూర్ బూట్, అంటే సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే కాపలా. మోక్‌యుటిల్‌కి --ఎస్‌బీ-స్టేట్ ఇచ్చి చూడండి. ఎనేబుల్డ్ అని వస్తే బయటి మాడ్యూల్‌కి సంతకం ఉండాలి. ఉబుంటులో డీకేఎంఎస్ ఆ తాళంచెవి తయారుచేసి ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. అంకెలతో పెట్టుకోండి, అక్కడ కీబోర్డ్ లేఅవుట్ అమెరికాది. రీబూట్‌లో నీలం తెర వస్తుంది. ఏదో ఒక కీ నొక్కి ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుని, అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర కొన్ని సెకన్లే ఆగుతుంది. టీ తాగుతూ వదిలేస్తే దానంతట అదే దాటిపోతుంది, ఆ తర్వాత మాడ్యూల్ ఎక్కించబోతే కీ తిరస్కరించినట్టు ఎర్రర్ వస్తుంది. డ్రైవర్ చెడిపోయిందనుకుని మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఫలితం ఉండదు. మోక్‌యుటిల్ --ఇంపోర్ట్‌తో ఆ మోక్.డీఈఆర్ ఫైల్‌ని మళ్లీ ఇచ్చి, ఈసారి తెర ముందు కూర్చుని రీబూట్ చెయ్యాలి. ఉబుంటులో అది వార్ కింద లిబ్‌లో, షిమ్-సైన్డ్ ఫోల్డర్‌లోని మోక్‌లో ఉంటుంది.

తర్వాతెప్పుడో మీ కెర్నెల్ 6.2 దాటితే ఈ బయటి డ్రైవర్‌ని తీసెయ్యండి. డీకేఎంఎస్ స్టేటస్ కొడితే పేరూ వెర్షనూ కనిపిస్తాయి, వాటితో డీకేఎంఎస్ రిమూవ్, చివర --ఆల్. దాని ఇన్‌స్టాలర్ మోడ్‌ప్రోబ్.డీలో బ్లాక్‌లిస్ట్ ఫైల్ (కెర్నెల్ డ్రైవర్‌ని ఎక్కనివ్వొద్దని చెప్పేది) పెట్టి ఉంటే అదీ తీసేయాలి. అది మిగిలిపోతే కెర్నెల్ డ్రైవర్ ఉండి కూడా ఎక్కదు. అప్‌గ్రేడ్ తర్వాత వైఫై పోయిందనే చాలా ఫిర్యాదుల వెనక ఉండేది ఈ ఒక్క ఫైలే.

కనెక్ట్ అయ్యాక వచ్చే చిక్కులు వేరు. బ్రౌజింగ్ బాగానే ఉండి, ఎస్‌ఎస్‌హెచ్‌లో (టెర్మినల్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి వెళ్లి) టైప్ చేస్తే అక్షరాలు ఆగి ఆగి వస్తున్నాయా? రూటర్‌కి పింగ్ కొట్టండి. 2, 3 మిల్లీసెకన్లు రావాల్సింది 80, 150 అని ఊగుతుంటే పవర్ సేవింగ్‌ని అనుమానించండి. ఉబుంటు, మింట్‌లలో నెట్‌వర్క్ మేనేజర్ కాన్ఫ్.డీ ఫోల్డర్‌లో డిఫాల్ట్-వైఫై-పవర్‌సేవ్-ఆన్ అనే ఫైల్ ఉంటుంది. అందులో వైఫై.పవర్‌సేవ్ 3 అని ఉన్నదాన్ని 2 చేసి నెట్‌వర్క్ మేనేజర్‌ని రీస్టార్ట్ చెయ్యండి. 3 అంటే ఆన్, 2 అంటే ఆఫ్. 0 పెడితే ఆఫ్ అవుతుందనుకోకండి, దాని అర్థం డిఫాల్ట్‌కి వదిలెయ్యమని. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఆదా చేసే టీఎల్‌పీ వాడుతుంటే అది కూడా యూఎస్‌బీ వస్తువుల్ని నిద్రపుచ్చుతుంది. టీఎల్‌పీ.కాన్ఫ్‌లో యూఎస్‌బీ_డినైలిస్ట్ ఎదురుగా 2357:0138 రాస్తే దీన్ని ముట్టుకోదు.

సస్పెండ్ నుంచి లేచాక వైఫై జాబితా ఖాళీగా ఉంటే మోడ్‌ప్రోబ్ -ఆర్‌తో ఆర్‌టీడబ్ల్యూ88_8822బీయూని దించి మళ్లీ ఎక్కించండి. ప్రతిసారీ జరుగుతుంటే ఆ రెండు లైన్లనీ సిస్టమ్‌డీ వాళ్ల సిస్టమ్-స్లీప్ ఫోల్డర్‌లో స్క్రిప్ట్‌గా పెట్టేయండి. నిద్రకు ముందు ప్రీ అనీ, లేచాక పోస్ట్ అనీ దానికి మాట అందుతుంది.

5 గిగాహెర్ట్జ్ పేరు కనిపించడం లేదన్నది ఇంకో మాట. రూటర్ 149 నుంచి 165 మధ్య ఛానెల్లో ఉండి, పేరు దాచిపెట్టి ఉంటే ఇలా అవుతుంది. ఏ దేశపు వైఫై నియమాలు నడుస్తున్నాయో చెప్పే ఐడబ్ల్యూ రెగ్ గెట్ (iw reg get) కొట్టి చూడండి. దేశం 00 అని ఉంటే అడాప్టర్ ఆ ఛానెళ్లలో తానుగా పిలవకూడదు, వినడం వరకే అనుమతి. దాచిన నెట్‌వర్క్ పిలిస్తేగానీ పలకదు. ఐడబ్ల్యూ రెగ్ సెట్ ఐఎన్ అంటే అప్పటికప్పుడు సరిపోతుంది. శాశ్వతంగా కావాలంటే బూట్ పారామీటర్లలో సీఎఫ్‌జీ80211 మాడ్యూల్‌కి ఐఈఈఈ80211_రెగ్‌డామ్=ఐఎన్ ఇవ్వాలి. ఇవన్నీ ఎందుకనుకుంటే రూటర్‌లో పేరు దాచడం మానెయ్యండి. దానివల్ల భద్రత పెరిగేదేమీ లేదు.

గైడ్లలో డబ్ల్యూలాన్0 అని ఉంటుంది, మీ తెర మీద డబ్ల్యూఎల్ఎక్స్‌తో మొదలై మ్యాక్ అడ్రసంతా తోకలా వేలాడుతున్న పేరుంటుంది. కంగారు పడకండి, యూఎస్‌బీ అడాప్టర్‌కి పేరు అలాగే పెడతారు. కమాండ్లలో ఆ పేరే ఇవ్వాలి. ఐడబ్ల్యూ డెవ్, ఆ పేరు, లింక్ అని కొడితే సిగ్నల్ బలం డీబీఎంలో వస్తుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. -50 చుట్టుపక్కల బ్రహ్మాండం, -67 దాకా వీడియో కాల్‌కి ఢోకా లేదు, -75 దాటితే ఏ సెట్టింగ్ మార్చినా ఉపయోగం లేదు, అడాప్టర్‌నో రూటర్‌నో కదపాల్సిందే.

దీని బదులు ఏం కొనొచ్చు? పాత కెర్నెల్ వదలలేనివాళ్లకి మీడియాటెక్ చిప్‌లే మేలు. ఎంటీ7612యూకి 4.19 నుంచే, వైఫై 6 ఇచ్చే ఎంటీ7921ఏయూకి 5.18 నుంచి కెర్నెల్‌లో డ్రైవర్ ఉంది. ఆల్ఫా కంపెనీ ఏడబ్ల్యూయూఎస్036ఏసీఎంలో మొదటిది, ఏడబ్ల్యూయూఎస్036ఏఎక్స్‌ఎంఎల్‌లో రెండోది ఉంటాయి. ధర ఎక్కువే. చూడ్డానికి టీ3యూ ప్లస్ అన్నలా ఉండే ఆర్చర్ టీ2యూ ప్లస్ ఐడీ 2357:0120, చిప్ వేరు, దానికి కెర్నెల్ డ్రైవర్ వచ్చింది 6.14లోనే. చవకని అటు వెళ్లకండి. టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ ఒకప్పుడు లినక్స్ వాళ్లకి ఇష్టమైన అడాప్టర్, కానీ ఆ పేరు తెచ్చింది ఏథెరాస్ ఏఆర్9271 చిప్ ఉన్న మొదటి వెర్షన్. రెండో వెర్షన్ నుంచి అదే పేరుతో లోపల రియల్‌టెక్ చిప్ పెట్టారు. ఇంకా చవకగా ‘డ్రైవర్ ఫ్రీ’ అని అమ్మే ఏఎక్స్300 బుల్లి అడాప్టర్లలో చాలావరకు ఏఐసీ8800 చిప్ ఉంటుంది. గుచ్చితే విండోస్ డ్రైవర్ ఉన్న చిన్న డిస్క్‌లా కనిపిస్తుంది. ఆ డ్రైవర్ ఫ్రీ అన్న మాట విండోస్‌కే.

డెస్క్‌టాప్ అయి, మదర్‌బోర్డ్‌లో చిన్న పీసీఐఈ స్లాట్ ఖాళీగా ఉంటే యూఎస్‌బీ వైపే రావద్దు. ఇంటెల్ ఏఎక్స్210 ఉన్న పీసీఐఈ కార్డు వేసుకుంటే కెర్నెల్ 5.10 నుంచే సజావుగా నడుస్తుంది, బ్లూటూత్ కూడా వస్తుంది. అయితే బ్లూటూత్ కోసం కార్డుతో వచ్చే వైరుని మదర్‌బోర్డ్ మీది 9 పిన్నుల యూఎస్‌బీ హెడర్‌కి పెట్టడం మర్చిపోకూడదు. ఏఎక్స్201, ఏఎక్స్211 పేర్లు దగ్గరగా ఉన్నా అవి కొన్ని ఇంటెల్ బోర్డుల్లోని ప్రత్యేక స్లాట్‌కే, మామూలు అడాప్టర్ కార్డులో పనిచేయవు.

గోడ వెంబడి కేబుల్ లాగే వీలుంటే అసలు ఇవేవీ కాదు, క్యాట్5ఈ కేబులే ఉత్తమం. లాగాక వైరు కనెక్షన్ వివరాలు చూపే ఈథ్‌టూల్ కమాండ్‌లో వేగం 1000 అని ఉందో లేదో చూసుకోండి. 100 అని ఉంటే ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి కనెక్టర్‌లో సరిగా కూర్చోలేదు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి, నాలుగు తగిలితే 100తో సరిపెట్టేస్తుంది. క్రింప్ చేసినవాళ్లతో రెండు చివర్లూ మళ్లీ వేయించుకోండి.

టీ3యూ ప్లస్సే తీసుకున్నవాళ్లు వాపసు గడువు దాటకముందే మూడు పరీక్షలు పెట్టుకోవాలి. ఐడీ 2357:0138 అవునా కాదా, 6.12 మీద నీలం పోర్టులో 5000ఎం వస్తుందా, అరగంట పెద్ద డౌన్‌లోడ్ నడుస్తుండగా డీమెసేజ్‌లో అడాప్టర్ ఊడిపోయిన లైన్లు పడుతున్నాయా. చివరిది పడుతుంటే ముందు క్యాబినెట్ ముందువైపు పోర్టు వదిలి వెనకవైపు మదర్‌బోర్డ్ పోర్టులో పెట్టి మళ్లీ చూడండి. ముందు పోర్టుల లోపలి వైరు నాసిగా ఉండటం మామూలే. అక్కడా ఊడుతుంటే వాపసు పెట్టేయండి.